పీహెచ్ 9.2 వచ్చింది, సున్నం వేయవచ్చా?

ప్రశ్న: మూడేళ్ల కిందట భూసార పరీక్షలో పీహెచ్ 8.2 ఉంది. ఈసారి 9.2 వచ్చింది, మార్పిడి సోడియం 21 శాతం అని రాశారు. ఒక్క పాయింటే కదా పెరిగింది? వాన పడితే నీరు ఇంకడం లేదు, ఎండితే నేల పెంకు కడుతోంది. యూరియా వేసినా పైరు పచ్చబడటం లేదు. జిప్సంలోనూ సున్నంలోనూ ఉండేది కాల్షియమే కాబట్టి సున్నం వేస్తే చాలంటున్నారు. వేయమంటారా?

జవాబు: దయచేసి సున్నం వేయకండి. ఆమ్ల నేలలకైతే అది మంచి మందే, కానీ మీది కారు చౌడు, అంటే మట్టి రేణువులకు సోడియం (మీ రిపోర్టులోని ‘మార్పిడి సోడియం’) ఎక్కువగా అంటుకున్న క్షార నేల.

పీహెచ్ ఒక్క పాయింటు పెరిగిందంటే క్షారగుణాన్నిచ్చే హైడ్రాక్సైడ్ అయాన్లు పది రెట్లయ్యాయని అర్థం. ఆ తేడా మీ యూరియాలోనే కనిపిస్తోంది. యూరియా నేలలో అమ్మోనియంగా మారుతుంది. దానికి ధనావేశం ఉంటుంది కాబట్టి మట్టి పట్టుకుని ఉంచుతుంది. క్షారం ఎక్కువైతే అదే అమ్మోనియం ఒక హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసి అమ్మోనియా వాయువైపోతుంది. పీహెచ్ 8.2 దగ్గర నేల నీటిలో ఉన్నదాంట్లో పదో వంతు కూడా అలా మారదు, 9.2 దగ్గర దాదాపు సగం మారుతుంది. పైపైన చల్లిన యూరియా గాలిలో కలుస్తోందన్నమాట. ఇకపై చల్లిన వెంటనే తేలికపాటి తడి ఇచ్చి లోపలికి దింపండి.

ఇక అసలు సంగతి. మీ నేలలో సోడియం కార్బొనేట్ చేరింది. కార్బొనేట్ నీటి నుంచి హైడ్రోజన్ అయాన్‌ను లాక్కుని హైడ్రాక్సైడ్‌ను మిగులుస్తుంది. సోడియమేమో బంకమట్టి రేణువులకు అంటుకుని వాటిని విడదీస్తుంది. విడిపోయిన సన్నని మట్టి రంధ్రాలను పూడ్చేస్తే నీరు ఎలా ఇంకుతుంది?

జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. అది ఆమ్లం కాదు, అయినా పీహెచ్ తగ్గిస్తుంది. రెండు ఆవేశాలున్న కాల్షియం ఒక్కొక్కటీ రెండు సోడియం అయాన్లను మట్టి నుంచి తోసేస్తుంది. అవి సల్ఫేట్‌తో కలిసి నీటితోపాటు కిందికి దిగిపోతాయి. కార్బొనేట్ కూడా కాల్షియంతో కలిసి గట్టి పదార్థంగా అడుగున చేరుతుంది, నీటి జోలికి రాదు. సున్నంలో కాల్షియం వెంట వచ్చేది హైడ్రాక్సైడ్. సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది! సున్నపురాయి పొడి వేసినా లాభం లేదు: లీటరు నీటిలో జిప్సం సుమారు 2.5 గ్రాములు కరిగితే, ఇది 0.02 గ్రాము కూడా కరగదు.

నమ్మకం కుదరకపోతే రెండు గ్లాసుల వాన నీటిలో చెంచాడు చొప్పున మీ మట్టి కలిపి, ఒకదానిలో చిటికెడు జిప్సం వేసి రాత్రంతా కదపకుండా ఉంచండి. జిప్సం వేసిన గ్లాసు తేటపడుతుంది, రెండోది బురదగానే ఉంటుంది.

ఎంత వేయాలో అంచనాగా చెప్పలేను, ‘జిప్సం అవసరం’ పరీక్ష చేయించండి. పొడిని పై 10–15 సెం.మీ. మట్టిలో కలిపి, మడి కట్టి నీరు నిలిపి, మురుగు కాలువ ద్వారా బయటికి వదలాలి. నీరు పోయే దారి లేకపోతే సోడియం అక్కడే ఉండిపోతుంది.

మూడేళ్లలో ఇంత పెరిగిందంటే నాకు మీ బోరు నీటి మీదే అనుమానం. అందులో కార్బొనేట్లు, బైకార్బొనేట్లు ఎంతున్నాయో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు పంపండి. ఎక్కువగా ఉంటే జిప్సం ఒక్కసారితో సరిపోదు, నీటికి కూడా లెక్క కట్టి వేయాలి.