ల్వార్ నది వెంట సైకిల్ యాత్ర: ఫిట్‌నెస్ కంటే ముందు గాలి సంగతి చూసుకోండి

ఫ్రాన్స్‌లో ల్వార్ నది వెంట పల్లెల మీదుగా సైకిల్ మీద తిరగాలంటే యాభై దాటిన భార్యాభర్తలకు ఎంత ఫిట్‌నెస్ ఉండాలి, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కగలగాలి అని అడిగారు. రోజూ ఒక గంట నడిచే అలవాటుండి, సైకిల్ సీటు మీద రెండు మూడు గంటలు కూర్చోగలిగితే చాలు. నేనూ మా ఆయనా పడమటనున్న ఆంజే నగరం నుంచి తూర్పునున్న ఓర్లెయాన్ నగరం దాకా తొక్కాం. మాకూ యాభై దాటింది. ఆయనకు నడుం నొప్పి, నాకు ఎడమ మోకాలు. రెండూ మమ్మల్ని ఆపలేదు.

కిలోమీటర్ల లెక్క మాత్రం దయచేసి పక్కన పెట్టండి. ఇక్కడ ఎవరు ఏ సైకిల్ యాత్ర గురించి అడిగినా "రోజుకు ఎనభై కొట్టాం, వంద కొట్టాం" అంటూ జవాబులు వస్తాయి. వంద కొట్టినవాడు ఏం చూశాడో ఒక్కరూ రాయరు. రోజుకు ముప్ఫై, నలభై కంటే ఎక్కువ తొక్కకండి. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. మధ్యలో మూడు చోట్ల ఆగినా చీకటి పడకముందే గదికి చేరతారు.

ఇక గాలి. ల్వార్ ఫ్రాన్స్‌లోకెల్లా పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. నెవేర్ దగ్గర మొదలై అట్లాంటిక్ సముద్రం దాకా దాదాపు 900 కిలోమీటర్లు, బోర్డులు పెట్టి సైకిల్ దారి వేశారు. దాన్ని ల్వార్ ఆ వేలో అంటారు. అందరూ నది పారే దిక్కుకే, అంటే పడమటికే వెళ్లమంటారు, పల్లం కదా అని. ఓర్లెయాన్ నుంచి సముద్రం దాకా పల్లం మొత్తం కలిపితే సుమారు వంద మీటర్లు. సుమారు 400 కిలోమీటర్ల దూరానికి వంద మీటర్లంటే కాలికి తెలిసే పల్లమా అది? గాలి మాత్రం ఎక్కువ రోజులు సముద్రం వైపు నుంచే, పడమటి నుంచే వీస్తుంది. చెట్టూ పుట్టా లేని గట్టు మీద ఎదురుగాలి కొడితే నడుం విరుగుతుంది. అందుకే మేం నదికి ఎదురు, గాలితో పాటు వెళ్లాం. యాభై దాటినవాళ్లెవరైనా ఇలాగే వెళ్లాలని నేను గట్టిగా చెప్తాను.

నేను పుట్టింది కోనసీమలో, ఒక లంక ఊళ్లో. రోజూ పడవలో రేవు దాటి, ఏటిగట్టు ఎక్కి, సైకిల్ మీద హైస్కూలుకు వెళ్లేదాన్ని. ఆంజే దాటిన మర్నాడు ల్వార్ గట్టెక్కగానే నా కాళ్లకు ఆ దారి తెలుసనిపించింది. ఒక పక్క నది, ఇసుక మేటలు, మధ్యలో చెట్లూ దుబ్బులూ మొలిచిన లంకలు. రెండో పక్క గట్టు కింద పొలాలు, తోటలు, ఇళ్లు. గట్టు మీద సైకిల్ తొక్కుతుంటే కింద ఇళ్ల మేడ కిటికీలు మన కళ్లకు సమానంగా ఉంటాయి. ఆ గట్లు నిన్నా మొన్నా వేసినవి కావు. ఆంజే చుట్టుపక్కల ఉన్న ఆంజూ ప్రాంతంలో 12వ శతాబ్దంలోనే మొదలుపెట్టి, తర్వాత వందల ఏళ్లపాటు ఎత్తు పెంచుకుంటూ వచ్చారు. అయినా 1846లో, 1856లో, 1866లో, పదేళ్లకొకసారి చొప్పున మూడుసార్లు నది వాటిని తెంచుకుని ఊళ్ల మీద పడింది. ఒడ్డున చాలా ఊళ్లలో ఇళ్ల గోడల మీద, చర్చి గోడల మీద ఆ సంవత్సరాలు చెక్కి, పక్కన నీళ్లు వచ్చిన ఎత్తున గీత గీసి ఉంటాయి.

బ్రెయెమోన్ అని ఒక ఊరుంది, టూర్ నగరానికి పడమట. ఒకప్పుడు పడవల తాళ్ల కోసం అక్కడ జనపనార పండించేవారట. ఆ ఊరు దాటి విలాండ్రీ వైపు వెళ్తుండగా మా ఆయన సైకిల్ వెనక చక్రం పంక్చరైంది. మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడ పన్నెండు నుంచి రెండింటి దాకా పల్లెల్లో ఒక్క షాపు తెరిచి ఉండదు, రోడ్డు మీద మనిషి కనిపించడు. గట్టు దిగి ఒక ఇంటి గేటు పక్కన నీడలో సైకిల్ బోర్లించి, ట్యూబు లాగి, గాలి ఎక్కడ పోతోందా అని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాం. ఎనభై ఏళ్ల పెద్దావిడ లోపలినుంచి వచ్చింది. ఏమీ అడగలేదు. మమ్మల్ని చూసింది, వెనక్కి వెళ్లింది, ఒక తొట్టి నిండా నీళ్లు మోసుకుని వచ్చి మా ముందు పెట్టింది. ట్యూబు నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆయన ప్యాచ్ అంటిస్తుంటే నేను ఆ ఇంటి గోడ మీద గీత చూశాను. 1856. నా తలకంటే ఎత్తులో ఉంది. నాకు వచ్చిన ఫ్రెంచి నమస్కారానికీ థాంక్స్‌కీ సరిపోతుంది, ఆవిడకు ఇంగ్లీషు అసలు రాదు. నేను ఆ గీతను వేలితో చూపించి, తర్వాత నా గుండెల దాకా చెయ్యి పెట్టి, నేల మీద పుల్లతో 1986 అని రాసి, ఇండియా అన్నాను. ఆవిడ ఆ అంకె చూసింది, నా చెయ్యి ఎక్కడుందో చూసింది. వెంటనే నా మణికట్టు పట్టుకుని ఇంటి పక్కకు తీసుకెళ్లి పైకి చూపించింది. పైన అటక తలుపు. వరదొస్తే ధాన్యం, సామాను, మనుషులు అక్కడికే అని చేతులతో చెప్పింది.

1986 ఆగస్టు మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు. భద్రాచలంలో గోదావరి 75.6 అడుగులని రేడియోలో విన్నాక మా నాన్న ఇంకేమీ మాట్లాడలేదు. వడ్ల బస్తాలు అటకెక్కించడం మొదలుపెట్టారు. నీళ్లు తీశాక పెంకుటింటి గోడ మీద ఆయన బొగ్గుతో ఒక గీత గీశారు, నా గుండెల ఎత్తున. తర్వాత ఇల్లు బాగుచేసినప్పుడు సున్నం వేసి దాన్ని చెరిపేశారు. ఆ ఫ్రెంచి పల్లెలో రాతి మీద చెక్కిన గీతలు చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలింది. మన గోదావరి ఊళ్లలో పంచాయతీ గోడ మీదైనా ఒక గీత చెక్కి, సంవత్సరం రాసి ఉంచడానికి ఎంత ఖర్చవుతుంది? ఇప్పటి పిల్లలకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తెలియదు. అందుకే పల్లపు పొలాల్లో ధైర్యంగా ప్లాట్లు వేసి అమ్ముతున్నారు.

మా ఆయన "పద, రెండవుతోంది, షాపులు తెరుస్తారు" అనేదాకా నేను ఆవిడ దగ్గరే కూర్చున్నాను. రోజుకు వంద కొట్టేవాళ్లకు ఈ గంట దొరకదు.

ఇసుక గురించి కూడా చెప్పాలి, మీరు అడగకపోయినా. టూర్ నగరంలో 18వ శతాబ్దంలో కట్టిన రాతి వంతెన ఒకటుంది, విల్సన్ వంతెన అంటారు. రెండు వందల ఏళ్లు నిలబడ్డ ఆ వంతెన 1978 ఏప్రిల్‌లో కూలింది. నదిలోంచి ఏళ్ల తరబడి ఇసుక తవ్వేయడంతో అడుగు దిగిపోయి, స్తంభాల కింది కొయ్య దుంగలు నీళ్లలోంచి బయటపడి పుచ్చిపోయాయి. తిరిగి కట్టారు, ఇప్పుడు దాని మీద ట్రామ్ కూడా వెళ్తోంది. అంతకంటే ముఖ్యంగా, 1990ల్లో నదీగర్భంలో ఇసుక తవ్వకాన్ని నిషేధించారు. ఇవాళ అక్కడ ఎండాకాలంలో మేటల మీద రేవుపిట్టలు గుడ్లు పెడుతుంటే మనుషులు అటు వెళ్లకుండా బోర్డులు పెడతారు. మన ఇసుక ర్యాంపుల దగ్గర రాత్రింబవళ్లు బారులు తీరే లారీలను చూసినవాళ్లు ఒక్కసారి ఆ వంతెన మీద నిలబడి రావాలి. ఒక జాగ్రత్త: మేటలు ఎంత అందంగా కనిపించినా నదిలోకి దిగకండి. ఇసుక కదులుతుంది, సుడులుంటాయి. గోదావరి వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

తిండి. అసలు టెన్షన్ ఇక్కడే. ఆదివారం మధ్యాహ్నం తర్వాత, సోమవారం రోజంతా పల్లెల్లో చాలా షాపులు మూసేస్తారు, రొట్టెల దుకాణంతో సహా. శనివారం సాయంత్రమే రొట్టె, పళ్లు, టమాటాలు, చీజ్ కొని సంచుల్లో వేసుకోండి. మేం శాకాహారులం. ఆ ప్రాంతంలో సెంట్ మోర్ అనే మేకపాల చీజ్ దొరుకుతుంది, పొడుగ్గా రోకలిబండలా ఉండి మధ్యలో గడ్డిపుల్ల గుచ్చి ఉంటుంది. చాలా సంప్రదాయ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం కలుపుతారు, కాబట్టి నిష్ఠగా ఉండేవాళ్లు అడిగి కొనండి. మేం గోంగూర పచ్చడి చిన్న డబ్బాలో తీసుకెళ్లాం. ఆ రొట్టెలోకి దానికి మించింది లేదు.

నీళ్లకు కూడా అక్కడి సైకిల్ వాళ్లు ఒక దారి చెప్తారు: ఊరి శ్మశానం. పూలమొక్కలకు పోయడానికి దాదాపు ప్రతి శ్మశానంలో కుళాయి ఉంటుంది. మా ఆయన మొదట్లో గేటు బయటే నిలబడ్డారు. "శ్మశానంలో నీళ్లేమిటే" అన్నారు. "ఏమండీ, పంచాయతీ నీళ్లే ఇవి కూడా" అని నేనే వెళ్లి పట్టుకొచ్చాను. కుళాయి మీద 'నాన్ పోతాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు.

కోటల గురించి అందరూ రాస్తారు, నేను తక్కువే రాస్తాను. ఆంబ్వాజ్‌లో లియొనార్డో డావిన్చి 1519లో కన్నుమూసిన ఇల్లు తప్పకుండా చూడండి. షాంబోర్ కోట బయటినుంచి చూసినా చాలు. రోజుకు రెండు కోటలు పెట్టుకుంటే మాత్రం మీ యాత్ర టికెట్ల క్యూలోనే గడిచిపోతుంది. నాకు కోటలకంటే వియెన్ నది వచ్చి ల్వార్‌లో కలిసే కాండ్ అనే చిన్న ఊరు నచ్చింది. టూర్ బిషప్ సెయింట్ మార్టిన్ 397లో అక్కడే చనిపోతే, ఆయన దేహాన్ని పడవలో నది మీదుగా టూర్‌కు తీసుకెళ్లారు. చర్చి వెనక మెట్లెక్కితే సంగమం కనిపిస్తుంది. అక్కడ ఒక పూట ఉండండి.

మన వాళ్ల ప్యాకేజీ టూర్ల మీద నాకు కోపం ఎక్కువ. పది రోజుల్లో ఏడు దేశాలు, ఈఫిల్ టవర్ కింద ఫోటో, బస్సులో నిద్ర. అదే డబ్బుతో ఇద్దరు మనుషులు ల్వార్ మీద రెండు వారాలు హాయిగా ఉండొచ్చు. సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి, ఒక ఊళ్లో తీసుకుని వేరే ఊళ్లో ఇచ్చేయొచ్చు. ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. గేర్లు, మడ్‌గార్డులు, వెనక క్యారియర్ ఉన్న మామూలు సైకిల్ చాలు. బస కోసం 'అక్యుయ్ వేలో' అనే ఆకుపచ్చ గుర్తున్న చోట్లు వెతకండి. దారికి ఐదు కిలోమీటర్ల లోపే ఉంటాయి, సైకిళ్లు తాళం వేసి పెట్టుకోవడానికి చోటు, రిపేరు సామాను ఇస్తారు. కార్ల గురించి భయపడకండి. ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని అక్కడ చట్టం, చాలామంది పాటిస్తారు. వెనక నుంచి హారన్ కొట్టకుండా మలుపు దాకా ఓపిగ్గా వచ్చిన ట్రాక్టరును చూసి నేను ఆశ్చర్యపోయాను.

అలసిపోతే రైలెక్కండి, అందులో నామోషీ ఏమీ లేదు. నది పక్కనే రైలు మార్గం ఉంది. ప్రాంతీయ రైళ్లలో సైకిల్ పెట్టుకోనిస్తారు, వేసవిలో మాత్రం ముందే చోటు బుక్ చేసుకోవాల్సి రావొచ్చు. పారిస్ నుంచి హైస్పీడ్ రైల్లో సైకిల్ తీసుకెళ్లడం పెద్ద తలనొప్పి, అందుకే సైకిల్ అక్కడికి వెళ్లాకే అద్దెకు తీసుకోండి. మే చివర గానీ సెప్టెంబర్ మొదట్లో గానీ వెళ్లండి. జూలై, ఆగస్టుల్లో ఫ్రెంచి వాళ్లకే సెలవులు, గదులు దొరకవు.

వెళ్లే ముందు రెండు నెలలు కూరగాయలకూ పాలకూ మీ ఇద్దరూ సైకిల్ మీదే వెళ్లిరండి. జిమ్ అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకున్నాక ఇక్కడే రాయండి, శాకాహారం దొరికిన ఊళ్లు ఏవో నా నోట్‌బుక్ చూసి చెప్తాను.