ప్రాగ్‌కు మూడు రాత్రులు చాలవు, దసరాకు తొందర వద్దు

ప్రశ్న: మేమిద్దరం విజయవాడలో ప్రభుత్వ ఉపాధ్యాయులం. ఇంకో ఎనిమిది నెలల్లో, దసరా నాటికి మా పెళ్ళై పాతికేళ్ళు నిండుతాయి. ఆ సెలవుల్లో చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరం చూడాలని ఎన్నాళ్ళగానో కోరిక. మూడు రాత్రుల యాత్రకు, మధ్యలో ఒక రోజు ఆస్ట్రియా రాజధాని వియన్నా కలిపి, ట్రావెల్ ఏజెంటు ఇద్దరికీ 3 లక్షల 80 వేలు అడుగుతున్నారు. వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టవచ్చట. మాకు 5 లక్షల ఎఫ్.డి. ఉంది. నెల ఖర్చు 60 వేలు పోను 25 వేలు మిగులుతాయి. ఆగస్టులో అబ్బాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ఫీజు లక్షన్నర కట్టాలి. వాయిదాలకు ఒప్పుకోవాలా, ఎఫ్.డి. తీయాలా?

జవాబు: రెండూ వద్దు. ప్రాగ్ మాత్రం తప్పకుండా చూడండి. కాకపోతే దసరాకు బదులు ఆ తర్వాతి వేసవి సెలవుల్లో, మూడు రాత్రులకు బదులు ఐదు రాత్రులు ఉండేలా వెళ్ళండి. ఎందుకో లెక్కతోనే చెబుతాను.

ఇలాంటి యాత్రలో ఖర్చు రెండు రకాలు. ఎన్ని రోజులున్నా మారనిది ఒకటి, రోజు రోజుకూ పెరిగేది ఇంకొకటి. హైదరాబాదు నుంచి ఒకచోట విమానం మారి వెళ్ళిరావడానికి ఇద్దరికీ లక్షా 40 వేలు అనుకుందాం. షెంగెన్ వీసా (చెక్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా) రుసుము మనిషికి 90 యూరోలు. యూరో 105 రూపాయల చొప్పున, వీసా కేంద్రం సేవా రుసుముతో కలిపి ఇద్దరికీ సుమారు 23 వేలు. బీమాకు 4 వేలు, విజయవాడ నుంచి విమానాశ్రయానికి రాకపోకలకు 5 వేలు వేసుకోండి. మొత్తం లక్షా 72 వేలు. ఇది మీరు అక్కడ ఒక్క రాత్రి ఉన్నా కట్టాల్సిందే. ఇక హోటలు, భోజనం, ట్రాములు, ప్రవేశ రుసుములు కలిపి రోజుకు 22 వేలు. మూడు రాత్రులకు మొత్తం 2 లక్షల 38 వేలవుతుంది. కానీ వచ్చే రోజు, తిరిగి బయలుదేరే రోజు పోగా నగరం చూడటానికి మీకు మిగిలేవి రెండే పూర్తి రోజులు. అంటే చూసే ఒక్కో రోజు ధర లక్షా 19 వేలు! ఐదు రాత్రులుంటే మొత్తం 2 లక్షల 82 వేలు, పూర్తి రోజులు నాలుగు, రోజు ధర 70 వేల చిల్లర. 44 వేలు అదనంగా పెడితే మీ ప్రాగ్ రెట్టింపవుతుంది. ఈ మొత్తం ప్రణాళికలో ఇంతకన్నా లాభసాటి ఖర్చు నాకు కనిపించలేదు.

ఉన్న రెండు రోజుల్లో ఒకటి వియన్నాకు ఇవ్వడం అందుకే నాకు అసలు నచ్చలేదు. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో దాదాపు నాలుగు గంటలు, తిరిగి రావడానికి మరో నాలుగు. దాన్ని కొట్టేయండి.

వాయిదాల సంగతి తేల్చుకోవడానికి ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: మొత్తం డబ్బు ఇప్పుడే కడితే ఎంతకిస్తారు? ధర తగ్గితే, ఆ తగ్గిందే వడ్డీ. తగ్గకపోయినా, తిరిగొచ్చాక నెలల తరబడి వాయిదాలు కట్టే యాత్ర మీకెందుకు?

మీ డబ్బు ఎంతవరకు సరిపోతుందో చూద్దాం. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 3 లక్షల 60 వేలు, ఎఫ్.డి.లో కదలకుండా ఉండాలి. దానిలో యాత్రకు వాడుకోగలిగింది లక్షా 40 వేలే. దసరా వరకు ఎనిమిది నెలల పొదుపు 2 లక్షలు. అందులోంచి ఫీజు లక్షన్నర పోతే మిగిలేది 50 వేలు. అంతా కలిపి లక్షా 90 వేలు. రూపాయి విలువ తగ్గినా తట్టుకునేలా పది శాతం చేర్చుకుంటే యాత్రకు కావలసింది 3 లక్షల 10 వేలు. లక్షా 20 వేలు తక్కువ. దసరా దాటాక ఇంకో ఆరు నెలలు పొదుపు చేస్తే 3 లక్షల 40 వేలు చేతిలో ఉంటాయి. నెల నెలా ఆర్.డి.లో వేయండి. ఇలాంటి డబ్బును షేర్లలో పెట్టకూడదు.

పాతికేళ్ళ పెళ్ళిరోజును దాటి వెళ్ళమనడం కష్టమైన మాటే. అయితే ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం ప్రాగ్‌లో పూలకాలం. మే 1న పెట్రీన్ కొండ మీద పూసిన చెట్ల కింద జంటలు ముద్దు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. పాతికేళ్ళు కాపురం చేసిన జంటకు అంతకన్నా మంచి రోజేముంది? మే 12న అక్కడి పేరున్న సంగీతోత్సవం మొదలవుతుంది, హోటళ్ళ ధరలు పెరుగుతాయి. ఆలోపే తిరిగి రండి.

హోటలును ఊరి చివర తీసుకోకండి. కొత్త పట్టణం అనే ప్రాంతంలో చూడండి. పేరుకే కొత్తది, నాలుగవ చార్లెస్ అనే రాజు 1348లో కట్టించిన పేట అది. పాత పట్టణ కూడలికి నడిచి వెళ్ళవచ్చు, అద్దె మాత్రం కూడలి దగ్గరున్నంత ఉండదు. ప్రాగ్‌లో గొప్పవి చాలా వరకు ఉచితం: 1357లో మొదలుపెట్టిన చార్లెస్ వంతెన, 1410 నాటి ఖగోళ గడియారం గంట గంటకూ చూపించే బొమ్మల కొలువు, ప్రాగ్ కోట ఆవరణ, విషెహ్రాద్ అనే మరో పాత కోట బురుజులు. ప్రాగ్ కోటలో సెయింట్ వీటస్ చర్చి, పాత రాజభవనం లోపలికి టికెట్టు ఉంది, అది తప్పక కొనండి. కోట ఎక్కడానికి మోకాళ్ళు సహకరించకపోతే 22వ నంబరు ట్రాము ఉంది. మధ్యాహ్నం భోజనానికి పనిదినాల్లో హోటళ్ళు పెట్టే ‘పోలెద్ని మెనూ’ (మధ్యాహ్న భోజనం) అడగండి, బాగా చవక. కూడలిలో కాల్చి అమ్మే పంది మాంసం ధర వంద గ్రాములకు రాసి ఉంటుంది, తూచి ఇచ్చాక బిల్లు చూసి చాలామంది కంగుతింటారు. హోటలు బిల్లులో మనిషికి రాత్రికి 50 కొరునాల (చెక్ కరెన్సీ) నగర రుసుము కూడా ఉంటుంది.

డబ్బు ఎక్కువగా కారిపోయేది మార్పిడిలో. చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడి కరెన్సీ యూరో కాదు, కొరునా. మన బ్యాంకుల ఫారెక్స్ కార్డుల్లో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డుల్లో) చాలా వాటిలో కొరునా ఉండదు. యూరోలు నింపి తీసుకెళితే ప్రతిసారీ మార్పిడి రుసుము పడుతుంది. విదేశీ మార్పిడి రుసుము లేని కార్డు ఒకటి తీసుకోండి. మామూలు క్రెడిట్ కార్డుకు 2 నుంచి 3.5 శాతం, దాని మీద జి.ఎస్.టి. పడుతుంది. విదేశీ వాడకాన్ని బయలుదేరే ముందే బ్యాంకు యాప్‌లో తెరుచుకోండి. అక్కడ కార్డు యంత్రం ‘రూపాయల్లో కడతారా, కొరునాల్లోనా’ అని అడిగితే ఎప్పుడూ కొరునాలే నొక్కండి. వీధిలో డబ్బు మార్చే దుకాణం మోసపు ధర ఇస్తే భయపడనక్కరలేదు. 2019 నుంచి ఉన్న చట్టం ప్రకారం 1000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. రసీదు మాత్రం పారేయకండి.

ప్యాకేజీ కొంటే ఏజెంటు టి.సి.ఎస్. (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటయ్యే డబ్బే. మీ డి.డి.ఓ.కు (జీతం బిల్లు చేసే అధికారికి) ముందుగా తెలియజేస్తే జీతంలో కోసే పన్నులోనే సర్దవచ్చు. టికెట్లు, హోటలు విడివిడిగా మీరే కొనుక్కుంటే ఆ బెడద ఉండదు.

వీసాకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు కాబట్టి జనవరిలో మొదలుపెట్టండి. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది నిబంధన. వంద రూపాయలు తక్కువని నాసిరకం పాలసీ తీసుకోవద్దు. వీసా రాకపోతే రుసుము వెనక్కి రాదు, అందుకే రద్దు చేసుకోగల టికెట్లనే బుక్ చేయండి. పాస్‌పోర్టులకు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలల గడువుండాలి. శాఖ నుంచి నిరభ్యంతర పత్రం రావడానికి ఎంతకాలం పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు, ఆ దరఖాస్తు దసరా సెలవులు ముగియగానే పెట్టేయండి.