తల్లికి కీళ్లవాతం ఉంటే పిల్లలకు ముందే టెస్టు చేయించాలా?

చేయించకండి. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను మొదలుపెడితే ఎక్కడ తేలతానో నాకే తెలీదు.

మీరు అడిగింది ఇదీ: మీకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, మీ అమ్మగారికీ ఉండేది, పాపకు తొమ్మిదేళ్లు. ఆ జీన్ పాపకు కూడా వచ్చిందేమో రక్తపరీక్షతో తెలుసుకుని జాగ్రత్తపడొచ్చా అని. చివర్లో "ఇంట్లో వాళ్లు కూడా చేయించమంటున్నారు" అని ఒక మాట కలిపారు. నాకైతే అసలు సంగతంతా ఆ మాటలోనే ఉందనిపించింది.

మాది విజయవాడ, అత్తగారి ఊరు గుంటూరు. రెండో కాన్పు తర్వాత నాకు ఈ జబ్బు మొదలైంది. పొద్దున్నే కుక్కర్ మూత తిప్పలేకపోయేదాన్ని, స్కూటీ బ్రేకు నొక్కితే మణికట్టు దగ్గర ప్రాణం పోయేది. తెనాలిలో మా మేనత్తకూ ఇదే జబ్బు ఉండేది. ఆవిడ వేళ్లు పక్కకి ఒరిగిపోయి, చెంబు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఎత్తేది. అందుకని వంశం గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

పోయిన వేసవి సెలవులకి మా పెద్దమ్మాయి నాయనమ్మ దగ్గరికి వెళ్లింది. దానికి పదకొండేళ్లు. అక్కడ మా వదిన, అంటే మా ఆయన అక్క, ఇంట్లో అందరికీ హెల్త్ చెకప్ ప్యాకేజీ కట్టించింది. నలుగురికి కడితే ఐదో మనిషికి సగం ధరట. ఆ ఐదో మనిషి మా పిల్ల. షుగరూ థైరాయిడూ చాలక "జాయింట్ ప్యానెల్" అని ఇంకొకటి తగిలించారు. కీళ్లవాతానికి చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎస్‌ఓ, ఒంట్లో వాపు ఉందేమో చూసే సీఆర్‌పీ, యూరిక్ యాసిడ్, వీటి పైన హెచ్‌ఎల్‌ఏ-బీ27. నన్ను ఒక్క మాట అడగలేదు. "నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు" అంది తర్వాత. నిజమే, వద్దనేదాన్నే.

రిపోర్టు నా దగ్గరికి రాలేదు. సరాసరి ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ 22, పక్కన నార్మల్ 14 లోపు, ఆ 22 లావు అక్షరాల్లో. నేను ఫోను తెరిచేసరికే దండాల బొమ్మలు, ఏడుపు మొహాలు వరసగా పడి ఉన్నాయి. బాపట్ల పిన్ని వావిలాకు కాపడం వీడియో పెట్టింది. చీరాల బాబాయి మోకాళ్ల తైలం అమ్మే ఆయన నంబరు పెట్టాడు. మా అత్తయ్య టైపు చెయ్యదు, వాయిస్ మెసేజే. "మా వైపు ఏడు తరాల్లో ఎవరికీ లేదమ్మా ఇది. పిల్లకి తల్లి పోలిక వచ్చింది" అని, మధ్యలో పక్కింటి టీవీ సీరియల్ వినబడుతూ.

ఇప్పుడు అర్థమైంది కదా, మీ ప్రశ్నలో చివరి మాట ఎందుకు పట్టుకున్నానో. మన ఇళ్లలో పిల్లలకి ఈ టెస్టు చేయించమనేది పిల్ల కోసం కాదు. జబ్బు ఎవరి వైపు నుంచి దిగిందో కాగితం మీద తేల్చుకోవడానికి. కాదని ఎవరైనా అంటే వాళ్లకి అత్తగారు లేరనుకుంటాను.

ఆ మర్నాటి నుంచి పిల్లకి పెరుగు బంద్. వంకాయ, బంగాళాదుంప, శనగపప్పు, అన్నీ వాతమే. గోంగూర కూడా బంద్. వేసవి సెలవులకి గుంటూరు వెళ్లిన పిల్లకి గోంగూర పెట్టకపోతే ఇంకెందుకు వెళ్లినట్టు? ఏసీ గదిలో పడుకోకూడదు, తాడాట ఆడకూడదు. అది ఇంటికొచ్చేసరికి పేషెంటులాగే తయారైంది.

పిల్లలు తెలివైనవాళ్లండీ. స్కూళ్లు తెరిచాక డ్రిల్ పీరియడ్‌లో "నాకు కీళ్ల జబ్బు వస్తుందట సార్" అని చెప్పి ఎంచక్కా చెట్టుకింద కూర్చుంది. తర్వాత హిందీ కాపీరైటింగూ ఎగ్గొట్టింది, వేళ్లకి శ్రమ ఉండకూడదట. క్లాస్ టీచర్ నాకు ఫోన్ చేసి "ఇంత చిన్న వయసులో పాపం" అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. స్కూలుకి వెళ్లి ఏ జబ్బూ లేదని చెప్పి వచ్చాను. సర్టిఫికెట్ ఉందా అన్నారు. జబ్బు ఉందంటే నోటిమాట చాలింది, లేదంటే మాత్రం సర్టిఫికెట్ కావాలి!

అంతవరకు ఆటే అనుకోండి. ఒకరోజు బ్రష్ చేసుకుంటూ అద్దం ముందు ఎడమ చెయ్యి పిడికిలి బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం చూశాను. అది నా డాక్టర్ నాతో చేయించేది. దానికి ఎవరూ నేర్పలేదు.

నా చెకప్‌కి సూర్యారావుపేట వెళ్లినప్పుడు దాన్నీ తీసుకెళ్లాను. ఆయన రిపోర్టు పక్కన పెట్టి ముందు చేతులు చూశారు. వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా పట్టి నొక్కారు, మణికట్లు వంచారు, గుంజీలు తీయించారు. పొద్దున్న లేవగానే బిగుసుకుంటున్నాయా, కుంటుతోందా, ఎక్కడైనా వాచిందా అని అడిగారు. ఏమీ లేవు. ఈమధ్య జ్వరం వచ్చిందా అన్నారు. సెలవులకి ముందే వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఇన్ఫెక్షన్ల తర్వాతా పెరుగుతుంది, ఏ జబ్బూ లేని వాళ్లలోనూ కొందరికి ఉంటుంది, ఉన్నంత మాత్రాన కీళ్లవాతం కాదు అన్నారు. మరి యాంటీ-సీసీపీ, అంటే ఈ జబ్బుకే చూసే ఇంకో యాంటీబాడీ పరీక్ష, చేయిద్దామా అని అడిగాను. "చేయించి, పాజిటివ్ వస్తే ఏం చేద్దామని?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఆయన దగ్గరా లేదు. ఉండదు కూడా, జబ్బు రాకుండా ఆ వయసులో ముందే ఇచ్చే మందు ఏదీ లేదు కాబట్టి.

ఆ ప్యానెల్ సంగతి కూడా చెప్పనివ్వండి, నాకు కడుపు మంట. ఏఎస్‌ఓ అనేది గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చి వెళ్లిందేమో చూసేది, గుండెని పట్టే రుమాటిక్ ఫీవర్ కోసం. బీ27 వెన్నెముక బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ సంగతి. యూరిక్ యాసిడ్ గౌట్ అనే వేరే కీళ్ల జబ్బుకి. అంటే మా పిల్లకి నా జబ్బు వస్తుందా అన్న ప్రశ్నకి ఇందులో ఒక్కటీ జవాబు చెప్పదు. బీ27 ఒక్కదానికే రెండు వేలు దాటింది. జీన్ టెస్టు అని పేరు ఉంది కదా, వదిన ఆ పేరు చూసే కట్టింది.

మరి అసలు జీన్ లేదా అంటే, ఉంది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 అనే జీన్‌లో కొన్ని రకాలకి ఒకే పోలిక ఉందని, ఆ పోలిక ఉన్నవాళ్లకి ఈ జబ్బు ఎక్కువని 1987లోనే పీటర్ గ్రెగర్సన్, ఆయన తోటివాళ్లు చెప్పారు. 2014 నాటికి ఈ జబ్బుతో సంబంధం ఉన్న చోట్లు మన జీన్లలో 100కి పైగా దొరికాయి. ఒక్క జీన్ చూసి తేల్చే వ్యవహారం కాదన్నమాట. పైగా ఆ డీఆర్‌బీ1 రకం ఉండి కూడా నిక్షేపంగా బతికేవాళ్లే ఎక్కువ. అచ్చం ఒకే జీన్లు ఉన్న కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవాళ్లకి వచ్చేది నూటికి సుమారు 15 మందికే. జనంలో ఇది నూటికి ఒక్కరికి మించని జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే అవకాశం మూడు రెట్లు అంటారు. ఆ మాట వినగానే గుండె జారుతుంది కానీ, మూడు రెట్లంటే నూటికి ఇద్దరో ముగ్గురో. మిగతా వాళ్లకి రాదు. ఇంటింటికీ గడ్డివాము ఉన్నంత మాత్రాన ఊరంతా అంటుకోదు కదా, నిప్పు పడాలి.

ఆ నిప్పు సంగతికొస్తే మా మావయ్య గుర్తొస్తారు. మనవరాలి రిపోర్టు కళ్లజోడు పెట్టుకుని చదివి దిగులుపడ్డ మనిషి, ఆ దిగులు తీరడానికి హాల్లోనే చుట్ట వెలిగించారు! బయటి కారణాల్లో గట్టిగా రుజువైనది పొగాకే. ఆ డీఆర్‌బీ1 రకం ఉన్నవాళ్లు పొగ తాగితే ముప్పు ఇంకా పెరుగుతుందని స్వీడన్ వాళ్లు చూపించారు. పొగాకు బోర్డు ఆఫీసు ఉన్న ఊళ్లో ఈ మాట ఎవరికి ఎక్కుతుంది? చుట్టలు వాకిట్లో కాల్చుకోమని నేనే చెప్పాను, అందుకు నాకు నోరు ఎక్కువని పేరొచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా కాలుస్తుంటే ఆ టెస్టు డబ్బులు దాచి ముందు ఆ పని మాన్పించండి. చిగుళ్ల జబ్బుకీ దీనికీ సంబంధం ఉందంటున్నారు కాబట్టి పిల్ల రాత్రిపూట కూడా పళ్లు తోముకునేలా చూడండి, ఎలాగూ మంచిదే.

యాంటీ-సీసీపీ యాంటీబాడీలు నొప్పులకి కొన్నేళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి కదా అని ఎవరైనా అనొచ్చు. కనిపిస్తాయి. ఆ యాంటీబాడీలు ఉండి, కీళ్ల నొప్పులు కూడా మొదలైన పెద్దవాళ్లకి అబాటసెప్ట్ అనే మందు ఇస్తే జబ్బు రావడం వెనక్కి జరిగిందని 2024లో రెండు ట్రయల్స్ వచ్చాయి. అది పెద్దవాళ్ల సంగతి, నొప్పులున్న వాళ్ల సంగతి. తొమ్మిదేళ్ల పిల్లకి అందులో ఏమీ లేదు. పెద్దయ్యాక వచ్చే జబ్బులకి, చిన్నప్పుడు చేసేదేమీ లేనప్పుడు, పిల్లలకి జీన్ టెస్టు వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ, అక్కడి జెనెటిక్స్ డాక్టర్ల సంఘం కలిసి 2013లోనే చెప్పాయి. పెద్దదయ్యాక కావాలంటే తనే చేయించుకుంటుంది. ఆ రక్తం తనది, నిర్ణయమూ తనదే అవ్వాలి.

ఇంకోటి. ఆ పీడీఎఫ్ ఇప్పుడు ఎవరెవరి ఫోన్లలో ఉందో నాకు తెలీదు. గ్రూపులో తీయించాను కానీ దింపుకున్నవాళ్ల సంగతేంటి? పదేళ్లు పోయాక సంబంధాలు చూసేటప్పుడు "ఆ పిల్లకి ఏదో కీళ్ల జబ్బట" అని చీరాల నుంచే ఎవరో అంటారు, రాసిపెట్టుకోండి. ఆ 22 అప్పటికి 40 అవుతుంది, ఆ తర్వాత వీల్‌చెయిర్ అవుతుంది.

అలాగని పిల్ల నొప్పి అన్నా పట్టించుకోవద్దని కాదు. కీలు వాచి తగ్గకపోతే, లేవగానే కుంటుతూ ఉంటే, ఆడటం తనంతట తనే మానేస్తే వెంటనే చూపించండి. పదహారేళ్ల లోపు పిల్లలకి వచ్చే జేఐఏ అనే కీళ్లవాపు చాలావరకు మన జబ్బు కాదు, దాని దారి వేరు. అందులో కళ్ల లోపల నొప్పి తెలియని వాపు రావచ్చు, అందుకని కంటి డాక్టర్ దగ్గర స్లిట్ ల్యాంప్‌తో చూపించాలి. ఈ లక్షణాలు ఉంటే అమ్మకి జబ్బు ఉన్నా లేకపోయినా వెళ్లాల్సిందే.

మీ సంగతి మాత్రం మీరు ఏమీ రాయలేదు. ఏ డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నారు? ఎముకల డాక్టర్ ఇచ్చే నొప్పి మాత్రలతోనే నెట్టుకొస్తుంటే రుమటాలజిస్టు దగ్గరికి మారండి. ఈ జబ్బుకి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర రాస్తే వారానికి ఒక్కసారే వేసుకోవాలి, ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. నాది ఆదివారం. మందుల షాపులో వారంలో ఏ రోజో స్ట్రిప్ మీద పెన్నుతో రాయించుకోండి.