పాస్‌వర్డ్ ఎవరిది అడుగుతోంది?

ప్రశ్న: ఉబుంటు లినక్స్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేసుకున్నానండి. ఇన్‌స్టాల్ బాగానే అయింది, ఆ తర్వాత 'పోస్ట్‌గ్రెస్' యూజర్‌లోకి మారాలన్నారు. టెర్మినల్‌లో ఎస్‌యూ (యూజర్ మారే కమాండ్) పోస్ట్‌గ్రెస్ అని కొడితే పాస్‌వర్డ్ అడుగుతోంది. దానికి నేను పాస్‌వర్డే పెట్టలేదు, నాది కొడితే అథెంటికేషన్ ఫెయిల్యూర్ అంటోంది. ఫ్రెండేమో మొత్తం రూట్‌లోనే (అన్ని హక్కులూ ఉండే అడ్మిన్ అకౌంట్) చేసెయ్ అంటున్నాడు, చేసెయ్యొచ్చా?

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం చెయ్యకండి. మీ తప్పేమీ లేదు ఇందులో, ఎస్‌యూ ఎప్పుడూ మీరు ఎవరిలోకి వెళ్తున్నారో వాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది, సూడో (వేరే యూజర్ హక్కులతో కమాండ్ నడిపేది) అయితే మీ పాస్‌వర్డే అడుగుతుంది, తేడా అంతా అక్కడే ఉంది. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఆ పోస్ట్‌గ్రెస్ అకౌంట్‌ని సిస్టమే క్రియేట్ చేస్తుంది, పాస్‌వర్డ్ ఏమీ పెట్టదు, కాబట్టి మీరు ఏం కొట్టినా పనిచెయ్యదు. ఉబుంటులో రూట్ అకౌంట్ కూడా మామూలుగా లాక్ చేసే ఉంటుంది, రూట్‌లోకి వెళ్దామని ఉత్త ఎస్‌యూ కొట్టినా ఇదే ఎర్రర్ వస్తుంది.

మీరు కొట్టాల్సింది ఇది: సూడో, స్పేస్, హైఫన్ ఐ, స్పేస్, హైఫన్ యూ, స్పేస్, పోస్ట్‌గ్రెస్. హైఫన్ తర్వాత ఐ, యూ రెండూ చిన్న అక్షరాలే. మీ పాస్‌వర్డ్ ఇవ్వండి, కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా కనపడకపోవచ్చు, కంగారు పడకుండా ఎంటర్ కొట్టేయండి. ఆ హైఫన్ ఐ ఎందుకంటే అది ఉంటేనే ఆ యూజర్ సొంత హోమ్ ఫోల్డర్‌లోకి, సొంత సెట్టింగ్స్‌తో వెళ్తారు, లేకపోతే మీ ఫోల్డర్‌లోనే ఉండిపోతారు, ఆ ఫోల్డర్ చూసే హక్కు పోస్ట్‌గ్రెస్‌కి ఉండదు కాబట్టి పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. ఎస్‌యూకి పక్కన ఒంటరి హైఫన్ పెట్టేది కూడా ఇందుకే. లోపలికెళ్లాక హూయామ్‌ఐ అని కొట్టి చూడండి, పోస్ట్‌గ్రెస్ అని చెప్తే సరైన చోటే ఉన్నట్టు.

అక్కడికెళ్లి మళ్లీ సూడో కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది చూడండి, అప్పుడు చాలామంది ఇరుక్కుంటారు, ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ పోస్ట్‌గ్రెస్‌ది, అసలు లేనే లేదు. ఎగ్జిట్ కొట్టి మీ అకౌంట్‌కి వచ్చేసి అక్కడ సూడో వాడుకోండి. వెనక్కి రావడానికి మళ్లీ ఎస్‌యూ అని మీ పేరు కొట్టకండి, షెల్ (మీరు కొట్టే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) మీద షెల్ పేరుకుపోతుంది, కాసేపటికి ఎక్కడున్నారో మీకే తెలీదు.

ఇంకోటి, ఈ కమాండ్లన్నీ ఒక స్క్రిప్ట్‌లో పెట్టి రన్ చేద్దామనుకుంటే జాగ్రత్త. యూజర్ మార్చే లైన్ దగ్గర కొత్త షెల్ ఓపెన్ అయి స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది, మీరు ఎగ్జిట్ కొట్టాక కింది లైన్లు పాత యూజర్ పేరు మీదే నడుస్తాయి. స్క్రిప్ట్‌లో అయితే ప్రతి కమాండ్ ముందు సూడో హైఫన్ యూ పోస్ట్‌గ్రెస్ పెట్టుకోవాలి.

ఇక రూట్ సంగతి. పోస్ట్‌గ్రెస్ సర్వర్ రూట్‌గా స్టార్ట్ అవ్వడానికే ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డేటా ఫోల్డర్‌లో ఫైళ్లు రూట్ పేరు మీద పడ్డాయంటే సర్వర్ వాటిని తెరవలేదు, తర్వాత సీహెచ్‌ఓన్‌తో ఓనర్‌ని మార్చుకుంటూ కూర్చోవాలి. మీ ఫ్రెండ్‌కి కూడా చెప్పండి.