ముంజేతి గాయానికి ఏ కోడ్ ఇవ్వాలి?

ప్రశ్న: సార్, డిగ్రీ అయిపోయి నయీంనగర్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నా. ప్రాక్టీసుకు ఇచ్చిన అమెరికా చార్టులో, పగిలిన కిటికీ అద్దం తగిలి కుడి ముంజేయి చీలిందని, లోపలి గాజు ముక్క తీసి కుట్లు వేశామని ఉంది. ఐసీడీ-10-సీఎం (జబ్బులకు, గాయాలకు అమెరికాలో వాడే కోడ్‌ల పట్టిక) చూసి నేను ఎస్41.111ఏ ఇస్తే తప్పన్నారు, ఎందుకో చెప్పలేదు. కుట్లు విప్పడానికి వచ్చినప్పుడు జెడ్48.02 ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నువ్వు చార్టు పూర్తిగా చదవకుండానే కోడ్ వెతికినట్టున్నావు చెల్లె. ఎస్41 భుజానికి, దండచెయ్యికి. మోచేయి, ముంజేయి అయితే ఎస్51, మణికట్టు నుంచి వేళ్ల దాకా ఎస్61. చోటు సరిచేసుకున్నా ఇంకో తప్పు మిగులుతుంది, ఎందుకంటే నువ్విచ్చినది లోపల ఏ వస్తువూ లేని చీలిక కోడ్. గాజు ముక్క తీశామని డాక్టరు రాశాడు కదా, అంటే ఫారిన్ బాడీ (బయటి వస్తువు) ఉన్నట్టే. కాబట్టి ఎస్51.821ఏ. గాజు లేకపోతే ఎస్51.811ఏ అయ్యేది, తేడా ఒక్క అంకె, అక్కడే చాలామంది దొరికిపోతారు. చివరి అంకె 1 కుడికి, 2 ఎడమకి. ఏ వైపో చార్టులో కనిపిస్తుంటే బద్ధకించి, వైపు తెలియదని చెప్పే 9 పెట్టొద్దు.

చివర్లో ఉన్న ఏ అంటే మొదటిసారి వచ్చారని కాదు, యాక్టివ్ ట్రీట్‌మెంట్, అంటే గాయానికి అసలు చికిత్స నడుస్తోందని. ఇవాళ ఒక ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని, రెండ్రోజులకు ఇంకో సర్జన్ దగ్గర అదే గాయానికి ఆపరేషన్ చేయించుకున్నా ఏ వస్తుంది. కుట్లు విప్పే రోజుకు మాత్రం గాయం మానే దశలో ఉంటుంది, అందుకని అదే కోడ్‌కు డి తగిలించి ఎస్51.821డి ఇవ్వాలి. దెబ్బల తర్వాతి సంరక్షణకు జెడ్ కోడ్‌లు వాడకూడదని గైడ్‌లైన్స్‌లోనే ఉంది, జెడ్48.02ను ఇక్కడ మర్చిపో.

గాయం చుట్టూ ఎర్రబడిందని రాసి ఉంటే నువ్వే ఇన్ఫెక్షన్ అని తేల్చేయకు. డాక్టరు సెల్యులైటిస్ (చర్మానికి సోకే ఇన్ఫెక్షన్) అని రాస్తేనే ఎల్03.113 కలపాలి, అనుమానంగా ఉంటే డాక్టరునే అడుగుతూ క్వెరీ పెట్టు. అదే గాయం కింద ఎముక కూడా విరిగి ఓపెన్ ఫ్రాక్చర్ అయితే ఎస్51 అసలు రాదు, ఎస్52కి వెళ్లాలి, అక్కడ మొదటి చికిత్సకు ఏ బదులు బి గానీ సి గానీ ఉంటుంది.

గాజు కోసుకుందని చెప్పే కారణం కోడ్ డబ్ల్యూ25.ఎక్స్ఎక్స్ఎక్స్ఏ. చివరి ఏ ఎప్పుడూ ఏడో స్థానంలోనే పడాలి కాబట్టి ఖాళీల్లో ఆ ఎక్స్‌లు.