నది రంగు అంతే, డిస్కుది తప్పు కాదు

పోయిన సంచికలో జాన్ బూర్మన్ తీసిన ‘డెలివరెన్స్’ పేరు ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. చూడనివారి కోసం నాలుగు ముక్కలు: 1972 నాటి అమెరికా సినిమా. ఆధారం జేమ్స్ డికీ 1970లో వెలువరించిన నవల. అట్లాంటా నగరం నుంచి నలుగురు స్నేహితులు, ఆనకట్ట కింద మునిగిపోబోతున్న ఒక నదిలో చివరిసారిగా పడవలు నడపాలని వెళతారు. అడవిలో ఇద్దరు మనుషులు ఎదురుపడతారు. అప్పటిదాకా విహారయాత్ర, ఆ తర్వాత ప్రాణాలతో బయటపడటమే కథ.

ప్రశ్న: చాలా ఏళ్ల కిందట ఈ సినిమాను వీడియో క్యాసెట్‌లో చూశాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చే నెల వస్తున్నాడు. అక్కడి పాత డిస్కుల దుకాణంలో 2007 డీలక్స్ డీవీడీ, అదే ఏడాది వచ్చిన బ్లూరే, 2012లో వచ్చిన 40వ వార్షికోత్సవ బ్లూరే ఉన్నాయట. ఏది తెమ్మనమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: 2012 నాటిది తెమ్మనండి, మాస్టారూ. కారణాలు చెబుతాను.

మీరు క్యాసెట్‌లో చూసింది బహుశా సగం సినిమాకు కాస్త ఎక్కువ. ఇది పానావిజన్ కటకాలతో వెడల్పుగా తీసిన చిత్రం. బొమ్మ వెడల్పు ఎత్తుకు దాదాపు 2.35 రెట్లు. పాత టీవీ తెర వెడల్పు 1.33 రెట్లే. తెర నిండాలని బొమ్మను పక్కల కోసేస్తే నూటికి 40 పాళ్లకు పైగా పోతుంది. ఈ సినిమాలో ఒక్కో పడవలో ఇద్దరు కూర్చుంటారు. పడవను పక్కనుంచి చూపినప్పుడు, కోసిన ప్రతిలో ముందువాడు కనిపిస్తే వెనకవాడు ఉండడు. తెడ్డు ఒకరిది, మాట ఇంకొకరిది. నేను క్యాసెట్ల లైబ్రరీ నడిపిన రోజుల్లో పైనా కిందా నల్లపట్టీలున్న క్యాసెట్ ఇస్తే, ‘సగం బొమ్మే వస్తోందండీ’ అంటూ వెనక్కి తెచ్చేవారు. సగం బొమ్మ వచ్చేది పట్టీలు లేనిదాంట్లోనే అని చెప్పి ఒప్పించడం నా తరం కాలేదు. మొదటి తరం డీవీడీల్లోనూ కొన్నింటికి ఒకవైపు పూర్తి వెడల్పు, రెండోవైపు కోసిన బొమ్మ ఉండేవి. డిస్కును తిరగేసి పెట్టి పాడు ప్రతి అని తిట్టుకున్నవాళ్లున్నారు.

మీ అబ్బాయి చెప్పిన మూడింటిలోనూ వెడల్పు పూర్తిగా ఉంటుంది. కాబట్టి పోటీ మిగతా విషయాల్లోనే. డీవీడీని నేను పక్కన పెట్టేస్తాను. ఒక దృశ్యం చాలు. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా జాన్ వాయిట్ పాత్ర ఎడ్ విల్లు పట్టుకుని ఒంటరిగా అడవిలోకి వెళతాడు. చెట్ల మధ్య పొగమంచు. జింక మీద గురిపెడతాడు, చెయ్యి వణుకుతుంది, బాణం పక్కకు పోతుంది. డీవీడీలో ఆ మంచు గడులు గడులుగా విరిగి, మంచో మరకో తెలియదు. బ్లూరేలో మంచు మంచులాగే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, బాణపు మొన అదరడం కనిపిస్తుంది. తర్వాత అతను మనిషి మీద విల్లెక్కుపెట్టేటప్పుడు మన గుండె దడకు కారణం ఆ అదురే. అది కనబడని ప్రతి నాకు వద్దు.

రెండు బ్లూరేల్లో బొమ్మ తేడా నా కంటికి స్వల్పం. ధ్వని 2012 దానిలో మెరుగు. మొదటిదానిలో డీవీడీల్లో ఉండే మామూలు డాల్బీయే పెట్టారు. ఇక బూర్మన్ వ్యాఖ్యానం, లారెంట్ బూజెరో తీసిన నాలుగు భాగాల డాక్యుమెంటరీ 2007 నుంచే ఉన్నాయి. 2012లో కొత్తగా చేర్చింది నలుగురు నటులూ ఒకచోట కూర్చుని చెప్పుకున్న కబుర్లు. బర్ట్ రేనాల్డ్స్ 2018లో, నెడ్ బీటీ 2021లో పోయారు. ఆ నలుగురి మాటలూ అలా ఒక్కచోట దొరకడానికే నేనైతే నాలుగు డబ్బులు ఎక్కువ పెడతాను. బీటీకీ, రానీ కాక్స్‌కూ ఇదే మొదటి సినిమా అన్నది గుర్తుంచుకుని వినండి.

ప్రశ్న: 55 అంగుళాల కొత్త టీవీలో బ్లూరే వేశాను. అడవి పచ్చగా లేదు, బూడిద పట్టినట్టుంది. నదీ అంతే. అమ్మినవాడు నాకు నకిలీ అంటగట్టాడా?
— వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: లేదు, మీకు దొరికింది అసలుదే. అలా కనిపిస్తున్నందుకు సంతోషించండి.

సినిమా తీసింది జార్జియా, దక్షిణ కెరొలైనా రాష్ట్రాల సరిహద్దులో పారే చట్టూగా నది మీద. చూస్తే కళ్లు తిప్పుకోలేనంత అందమైన చోటు. బూర్మన్‌కు ఆ అందమే అడ్డొచ్చింది. ఆకుల పచ్చదనం, నీలాకాశం కలిసి పర్యాటక శాఖ క్యాలెండర్‌లా ఉంటే భయం ఎక్కడినుంచి వస్తుంది? అందుకే ల్యాబులో రంగును పనిగట్టుకుని తగ్గించారు. కెమెరా పట్టిన విల్మోస్ జిగ్మండ్‌కు ఈ పని కొత్త కాదు. అంతకుముందు ఏడాదే మరో సినిమాకు నెగటివును ముందుగా కొద్దిగా వెలుతురు చూపించి రంగులు చంపిన మనిషి. 1956లో హంగరీ తిరుగుబాటును చిత్రీకరించి, ఆ రీళ్లతో దేశం దాటి వచ్చినవాడు. బూడిద వెలుగు విలువ తెలియనివాడేమీ కాదు.

మీ టీవీ దుకాణంలోంచి వచ్చినప్పుడు ‘వివిడ్’ మోడ్‌లో ఉంటుంది, ట్యూబులైట్ల కింద మెరిసి అమ్ముడుపోవడానికి. దాన్ని సినిమా మోడ్‌కో, ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చండి. కదలికలను నున్నగా చేసే సౌకర్యాన్ని ఆపేయండి. అది ఉంటే ఉరవడి నీళ్లు కుళాయి నీళ్లలా జారిపోతాయి. నాయిస్ తగ్గించేదాన్నీ ఆపండి. తెరమీద సన్నగా కదిలే ఇసుకలాంటిది ఫిల్ము రేణువు, మురికి కాదు. రంగును ఆకులు చూసి సర్దకండి, మనుషుల చర్మం చూసి సర్దండి. నలుపు సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి రేనాల్డ్స్ వేసుకున్న చేతుల్లేని నల్ల రబ్బరు చొక్కా ఉండనే ఉంది. దాని మడతలు కనిపించాలి, మొత్తం తారు ముద్దలా ఉండకూడదు.

ఇదే కారణంతో, ‘రంగులు అదిరిపోయాయి’ అని ఎవరైనా ఈ సినిమా ప్రతిని మెచ్చుకుంటే నేను దాని జోలికి పోను.

ప్రశ్న: ఎడ్ రాత్రిపూట కొండ ఎక్కే దృశ్యంలో ఆకాశం, చెట్ల అంచులు వింతగా, ఫొటో నెగటివ్‌లా కనిపిస్తున్నాయి. నా డిస్కులోనేనా?
— నెల్లూరు

జవాబు: అందరి డిస్కుల్లోనూ. అది రాత్రి కాదు, పగలు తీసి రాత్రిగా మార్చినది. టలూలా లోయలోని నిట్టనిలువు రాతిగోడ అది. వాయిట్ తానే ఎక్కాడు. అంత గోడకు రాత్రిపూట దీపాలు పెట్టే వీలెక్కడిది? జేబులోంచి భార్యాబిడ్డల ఫొటో తీసి చూసుకోబోయి జారవిడుచుకునే చోట చూడండి, ముఖం మీద పడేది వెన్నెల కాదని ఇట్టే తెలిసిపోతుంది. బొమ్మ ఎంత స్పష్టమైతే ఈ కనికట్టు అంత బయటపడుతుంది. ఈ ఒక్కచోట మాత్రం పాత క్యాసెట్టే నయం, దాని మసకలో అన్నీ రాత్రులే.

ప్రశ్న: నేను గిటారు వాయిస్తాను. ఇందులోని బాంజో, గిటారు జుగల్‌బందీని నా దగ్గరున్న యూరప్ డీవీడీతో కలిపి వాయిస్తే శ్రుతి కుదరడం లేదు. పాట రికార్డుతో అయితే కుదురుతోంది. గిటారు లోపమా, చెవి లోపమా?
— విశాఖపట్నం

జవాబు: రెండూ కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. యూరప్‌లోనూ మన దగ్గరా ఉన్న పాత టీవీ పద్ధతి ‘పాల్’లో 25. ఆ ఒక్క ఫ్రేము సర్దడానికి సినిమానే కాస్త వేగంగా తిప్పేవారు. దాంతో 109 నిమిషాల సినిమా 105 నిమిషాలకు ముగుస్తుంది, శ్రుతి అర స్వరానికి కొంచెం తక్కువగా పైకి లేస్తుంది. గొంతుల్లో ఈ తేడా చాలామందికి తెలియదు, తీగ మీద వేలున్నవాడికి తెలియకుండా పోదు. బ్లూరేలో 24 ఫ్రేములే ఉంటాయి, కలిపి వాయించుకోండి. మీరు వింటున్న వాయిద్యం ఎరిక్ వైస్‌బర్గ్ బాంజో, స్టీవ్ మాండెల్ గిటారు. తెరమీది అబ్బాయికి బాంజో రాదు. వెనక దాక్కున్న వాద్యకారుడి చెయ్యి చొక్కాలోంచి వచ్చి మెట్లు నొక్కుతుంది. అన్నట్టు, 1972లో ఈ సినిమా ఒంటి ఛానల్ ధ్వనితోనే విడుదలైంది. డిస్కుల్లోని 5.1, అంటే చుట్టూ స్పీకర్ల నుంచి వినిపించే ధ్వని, తర్వాత పరిచింది. వెనక స్పీకర్లు ఊరికే ఉన్నాయని వాటిని విప్పి చూడకండి.

ప్రశ్న: సినిమాలో చెప్పినట్టు ఆ లోయ నిజంగా మునిగిపోయిందా? మాది శ్రీశైలం ముంపు గ్రామం, అందుకే అడుగుతున్నాను.
— కర్నూలు జిల్లా

జవాబు: కథలోని నది కల్పితం. పడవలు నడిచిన చట్టూగాకు ఏ ముంపూ రాలేదు. పైగా 1974లో అమెరికా ప్రభుత్వం దాన్ని రక్షిత నదుల జాబితాలో చేర్చింది. కానీ సమాధులు తవ్వి పెట్టెలు తరలించే దృశ్యం తీసిన దక్షిణ కెరొలైనా లోయ మాత్రం నిజంగానే నీళ్ల కింద ఉంది, ఇప్పుడు దాని పేరు జొకాసీ సరస్సు. చివర్లో ఒక చర్చిని బండి మీద ఎక్కించి తీసుకుపోతుంటే కారు ఆగుతుంది చూడండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం చేర్చిన సంగతి తెలిసినవారికి ఆ షాట్ వేరే వివరణ అక్కర్లేకుండా అర్థమవుతుంది. కోసిన క్యాసెట్‌లో ఆ చర్చి ఎంత మిగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: అమెరికా డిస్కు మన ప్లేయర్లో ఆడుతుందా?
— ఖమ్మం

జవాబు: డీవీడీ అయితే అనుమానమే. ఒక ప్రాంతానికి చేసిన డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్లో ఆడకుండా తాళం వేస్తారు. వాళ్లది 1వ ప్రాంతం, మనది 5వది. ప్లేయరు అన్ని ప్రాంతాలవీ ఆడేదైతే సరే. బ్లూరేలో వాళ్లది ఏ, మనది సీ. అయితే ఈ సినిమా విడుదల చేసిన వార్నర్ సంస్థ తన బ్లూరేలకు సాధారణంగా తాళం వేయదు.

ప్రశ్న: పిల్లలకు సాహసయాత్రలంటే ఇష్టం. సెలవుల్లో అందరం కలిసి చూడవచ్చా?
— హైదరాబాద్ నుంచి ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. మధ్యలో ఒక మగవాడి మీద లైంగిక దాడి జరిగే దృశ్యం ఉంది. పెద్దలకే అది మింగుడుపడదు. పిల్లలు పడుకున్నాక మీరు చూడండి.