‘తోడు’ ఉండగా ‘మద్దతుదారు’ ఎందుకు?

సందేహం: మా మనవరాలు అమెరికాలో హైస్కూల్లో చదువుతోంది. వాళ్ల బడిలో ఎల్జీబీటీక్యూ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు మొదలైన) పిల్లల కోసం ఒక క్లబ్బు ఉందట. తను ఆ కోవకు చెందకపోయినా ‘ఎలై’గా, అంటే వాళ్ల పక్షాన నిలిచే మనిషిగా చేరానని ఫోన్లో చెప్పింది. ఆ మాటను తెలుగులో ఏమనాలి? మిత్రపక్షమా, సానుభూతిపరులా, మద్దతుదారులా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు రాసిన మూడింటిలో ఏదీ నాకు రుచించలేదు. మిత్రపక్షం సీట్ల పంపకాల్లో తిరిగే మాట. సానుభూతిపరులంటే పోలీసు కేసు గుర్తొస్తుంది. మద్దతు ఉర్దూ ‘మదద్’ నుంచి వచ్చింది. మంచి మాటే, కానీ పత్తికి మద్దతు ధర ప్రకటించినట్టు ఒకవైపు నుంచే సాగుతుంది.

మన ఇంట్లో ‘తోడు’ ఉంది కదా! బాలవ్యాకరణంలో తృతీయ ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ అని వల్లించినవారే మీరు. ఆ ‘తోడన్’ ఈ తోడే. అరిగి అరిగి ‘తో’ అయింది. ‘నాతో రా’ అన్నప్పుడల్లా ‘నాకు తోడుగా రా’ అనే అంటున్నాం. తోడికోడళ్లను చూడండి. వేర్వేరు ఇళ్లలో పుట్టి ఒక గడప లోపలికి వచ్చినవాళ్లు. ఈమె ఆమెకు ఎంత తోడికోడలో, ఆమె ఈమెకూ అంతే. తోడల్లుళ్లూ అంతే. రాత్రి గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు వేసి ‘తోడు పెట్టాను’ అంటాం. తెల్లారాక అందులో ఏది తోడో, ఏది పాలో విడదీయలేం. మర్నాటి పాలకు ఆ గిన్నెలోదే మళ్లీ తోడవుతుంది. నీళ్లు తోడడం వేరే మాట, దీనితో కలపకండి.

ఇక్కడ తిక్కనగారిని తలవకుండా ఉండలేను. ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు విభుడే. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఎన్ని ప్రగల్భాలు పలికాడో మీకు తెలుసు. తీరా కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగెత్తాడు. వెంటపడి పట్టుకుని, ధైర్యం చెప్పి, మళ్లీ రథమెక్కించింది ఎవరు? లోకం ‘పేడి’ అన్న బృహన్నల. సారథిగా వచ్చిన మనిషి విల్లు పట్టాడు, రాకుమారుడు పగ్గాలు పట్టాడు. ఎవరు ఎవరికి తోడో నిమిషంలో తిరగబడింది. అర్జునుడిది ఏడాదిపాటు ఉండిపోయే శాపరూపం, ఈ పిల్లలది వాళ్ల సొంత బతుకు. పోలిక అంతవరకే. ‘పేడి’ని మాత్రం ఇవాళ ఎవరి మీదా వాడకండి. కావ్యంలో ఉన్నమాట వీధిలో తిట్టుగా మారింది.

ఆ క్లబ్బుల చరిత్రా తోడు కథే. 1988లో మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ అకాడమీలో కెవిన్ జెన్నింగ్స్ అనే చరిత్ర మాస్టారి దగ్గరికి ఒక విద్యార్థిని వెళ్లి అడిగితే మొదలైంది. ఆ అమ్మాయి కూడా మీ మనవరాలిలాగే ఆ కోవకు చెందని పిల్లే.

పత్రికలవారితో ఒక పేచీ ఉంది. ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయం తేల్చింది. అయినా మన శీర్షికల్లో ‘స్వలింగ సంపర్కులు’ పోలేదు. పదిహేనేళ్ల పిల్లను పడకగది మాటతో పిలుస్తామా? స్వలింగ ప్రేమికులు అనండి. ట్రాన్స్‌జెండర్ అన్న మాట అందరికీ అలవాటైంది, దాన్ని అలాగే ఉంచండి.

ఇక తీర్పు. క్లబ్బుకు ‘తోడు’ అని పేరు పెడితే చక్కగా ఉంటుంది, ‘తోడునీడ’ అన్నా ఒప్పే. కానీ ‘ఎలై’ అనే మనిషిని ఒక్క మాటలో చెప్పాలంటే ‘తోడువాడు’ నాలుకకు ఎక్కడం లేదు, ‘తోడుదొంగ’ అడ్డొస్తోంది. అందాకా వాక్యం తిప్పి, ‘మా మనవరాలు ఆ పిల్లలకు తోడుంటోంది’ అనండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ క్లబ్బు పిల్లల్లో తెలుగు వచ్చినవాళ్లుంటే అడగమనండి. వాళ్లకు ఇంకో మాట నచ్చితే నాకు రాయండి, దాన్నే వాడదాం.